వేళ్ళు కదలని రోజుల్లో ఒక యుద్ధవిమానం

గత ఆగస్టు

బొమ్మ విమానంలో పైలట్ సీటుకి బెల్టు అతికిస్తుండగా చేతిలోంచి ట్వీజర్ జారిపోయింది. వంగి తీసుకున్నాను. మళ్ళీ జారింది. రెండు రోజులుగా కాలివేళ్ళలో చీమలు పాకుతున్నట్టు ఉంది. అంతకు ముందు వారం విరేచనాలయ్యాయి కదా, నీరసం అనుకున్నాను. బెల్టు ముక్కని మూతలో పెట్టి లేచిపోయాను.

నేను రాజోలులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెబుతాను. పేరు సుభద్ర. నలభై దాటాయి, పెళ్ళి చేసుకోలేదు. మేడ మీద వాటాలో ఒక్కదాన్నే ఉంటాను. కింద వాటా ఇంటివాళ్ళది. వాళ్ళు మస్కట్‌లో ఉంటారు కాబట్టి దానికి ఎప్పుడూ తాళమే. విమానం రెక్క గాలిలో ఎలా లేస్తుందో క్లాసులో చూపిద్దామని ఒకసారి ప్లాస్టిక్ ముక్కల పెట్టె ఒకటి తెప్పించి యుద్ధవిమానం నమూనా కట్టాను. ఆ పిల్లలు పరీక్షలు రాసి వెళ్ళిపోయారు. నాకు మాత్రం ఆ పని వదల్లేదు. పార్సిలు తెచ్చే ఆయన ప్రతిసారీ "పిల్లలకాండీ?" అని అడిగేవాడు. "ఆయ్, పిల్లలకే" అనేదాన్ని. ఏ పిల్లలకో ఆయనా అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఆ నెల బల్ల మీద ఉన్నది మిగ్-21. అసలు విమానంలో నలభై ఎనిమిదో వంతు ఉంటుంది. ఒంటి రెండు సగాలూ అతికించి, అతుకు మీద పుట్టీ పెట్టాను. అతుకు కనబడకుండా పుట్టీ గీకడం, సీటు పూర్తి చెయ్యడం, పైన గాజుమూత, చక్రాలు, రంగు, ఇవన్నీ మిగిలే ఉన్నాయి.

మర్నాడు క్లాసులో చాక్‌పీసు కింద పడింది. పిల్లలు నవ్వారు, నేనూ నవ్వాను. వీధి చివర క్లినిక్కులో సెలైన్ ఎక్కించి బలం మాత్రలు రాసిచ్చారు. వాళ్ళ తప్పేం లేదు, నీరసమని చెప్పింది నేనే. ఇది చదివేవాళ్ళకి ఒక్క మాట చెప్పాలి. కాళ్ళలో మొదలైన తిమ్మిరి పైకి పాకుతూ ఉంటే, పట్టు తప్పుతూ ఉంటే, రేపు చూద్దామని ఆగకండి.

నేను ఆగాను. ఆ తర్వాతి పొద్దున్న బాత్రూములో స్టూలు మీంచి లేవలేకపోయాను. నేలమీదకి జారి, మోచేతుల మీద పాక్కుంటూ మంచం దాకా వచ్చాను. దుప్పటి కొస నోటితో లాగితే దాంతోపాటు ఫోను కింద పడింది. తెరమీద వేలు నిలవలేదు. గడ్డంతో నొక్కాను. ఎవరెవరికో వెళ్ళింది. చివరికి మా అన్నయ్య ఎత్తాడు.

"ఏమ్మా, ఈ టైములో చేసేవు?"

"లేవలేకపోతున్నాను అన్నయ్యా" అన్నాను. నా గొంతు నాకే వేరేవాళ్ళ గొంతులా వినిపించింది.

అన్నయ్యది నగరం, పేరుకే నగరం, పల్లెటూరే. కొబ్బరితోట, కాస్త వరి. ఆయనా రత్నం వదినా కారులో వచ్చి, తలుపు గడియ విరగ్గొట్టి నన్ను దుప్పటిలో మోసుకుని దింపారు. అమలాపురంలో డాక్టరు గారు చిన్న సుత్తితో నా మోకాలి మీద కొట్టారు. కాలు కదల్లేదు. రెండో కాలూ అంతే. ఆయన సుత్తి పక్కన పెట్టి, "మంచినీళ్ళు మింగడం కష్టంగా ఉందామ్మా?" అని అడిగారు. అప్పటిదాకా ఉందని నాకు తెలియలేదు. ఆయన అడిగాక తెలిసింది.

"ఇక్కడ ఉంచకండి. ఇప్పుడే కాకినాడ తీసుకెళ్ళండి" అన్నారు అన్నయ్యతో.

జబ్బు పేరు జీబీఎస్. ఒంట్లో రోగంతో పోరాడాల్సిన శక్తి దారి తప్పి సొంత నరాల మీదే పడుతుందట. అది ఎక్కడ ఆగుతుందో ముందు చెప్పలేరు. ఊపిరి దాకా రాకుండా ఆగితే అదృష్టం.

సెప్టెంబరు

జబ్బు ఊపిరి అంచుదాకా వచ్చి ఆగింది. ఐసీయూలో ఎన్నాళ్ళున్నానో తర్వాత వదిన చెప్పింది కానీ, నాకు అది లెక్కకి అందే కాలం కాదు. అక్కడ ఎప్పుడూ ఒకటే వెలుగు. మొహం కూడా పడిపోయింది. కనురెప్పలు మూతపడక రాత్రిళ్ళు టేపు అంటించేవారు. మాట బయటికి రాదు. లోపల మాత్రం అన్నీ తెలుస్తున్నాయి. అందరూ నా మీదుగా మాట్లాడుకునేవారు, మధ్యలో బల్ల ఉంటే దాని మీదుగా మాట్లాడుకున్నట్టు.

నొప్పి కన్నా భయం కన్నా నన్ను ఎక్కువ ఏడిపించింది ముక్కు మీద దురద. చెబితే చిన్న మాటలా ఉంటుంది. చెయ్యి ఎత్తలేరు, తల తిప్పలేరు, ఎవరికీ చెప్పలేరు. ఆ దురద పెరిగి పెరిగి ప్రపంచమంతా అదే అయిపోతుంది. ఒకరోజు నేల తుడవడానికి వచ్చిన ఆయా నా కళ్ళకేసి చూసి ఆగింది.

"ఏటండీ, ఏం కావాలండీ? దాహమా? కాదా? నొప్పా? కాదా?" అంటూ వరసగా అడిగింది. తర్వాత తనంతట తానే, "ముక్కు దురదేమోనండీ" అని, చెయ్యి కడుక్కొచ్చి, వేలి వెనక భాగంతో నెమ్మదిగా రుద్దింది. కన్నీళ్ళు కారిపోయాయి. వాటిని కూడా ఆవిడే తుడిచింది. ఆ తర్వాత డ్యూటీలో ఉన్న ప్రతిసారీ ముందు నా ముక్కు రుద్ది, అప్పుడు చీపురు పట్టుకునేది. ఆవిడ పేరు అడగడానికి నాకు నోరు వచ్చేసరికి వేరే వార్డుకి మార్చేశారు.

పడుకుని మనసులోనే విమానం కట్టుకుందామని చూశాను. సీటుకి బెల్టు అతికించడం దగ్గర మొదలుపెట్టేదాన్ని. మనసులో కూడా నా వేళ్ళు కదిలేవి కావు. ట్వీజర్ జారిపోయేది. కొన్నాళ్ళకి ఆ ప్రయత్నం మానేశాను.

సాయంత్రం కాసేపు వదినని లోపలికి రానిచ్చేవారు. మిగతా రోజంతా బయట హాల్లో చాప వేసుకుని ఉండేది. నాకూ వదినకీ అంతకు ముందు పెద్ద మాటలు లేవు. పండక్కి వెళితే పలకరింపులు, వచ్చేటప్పుడు కొబ్బరికాయల సంచి, అంతే. నేను గర్వమున్న మనిషినని ఆవిడ అనుకునేదని నాకు తెలుసు. ఆవిడ వచ్చి నా కాళ్ళ దగ్గర నిలబడి, ఏం మాట్లాడాలో తెలియక, తోటలో కొబ్బరికాయల దింపు ఎలా అయిందో, వాళ్ళ గేదె ఎన్నిసార్లు తాడు తెంపుకుందో చెప్పేది. అవతలి మంచం తాలూకు వాళ్ళు దేవుడి పేరు చెప్పి ఏడుస్తుంటే, మా వదిన గేదె సంగతి చెప్పేది. నేను ఆ గేదె కోసం ఎదురుచూసేదాన్ని.

నవంబరు

ఇంటికి పంపారు. మాట వచ్చింది. చేతులు భుజాల దగ్గర కాస్త కదులుతున్నాయి, వేళ్ళు కదలడం లేదు. నగరం వచ్చెయ్యమని అన్నయ్య అన్నాడు.

"అక్కడైతే మనుషులుంటారు కదమ్మా. ఇక్కడ మేడ మీద ఒక్కదానివీ ఏం చేస్తావు?"

ఫిజియోథెరపీ కిరణ్ గారు రాజోలు దాకా అయితేనే రాగలరని చెప్పాను. అది నిజమే. కానీ నా ఇంట్లో, నా కిటికీ దగ్గర ఉండాలన్నది అంతకన్నా నిజం. ఫలితంగా వదిన తన ఇల్లు వదిలి నా దగ్గర ఉండాల్సి వచ్చింది. ఆవిడ కూతురు ఇంటర్ రెండో ఏడు. అన్నయ్య హోటల్లో తింటున్నాడు. ఫోనులో వాళ్ళిద్దరూ గొంతు తగ్గించి వాదించుకోవడం నాకు వినిపించేది. "మరి నన్నేం చెయ్యమంటారండీ? ఆవిణ్ణి వదిలేసి రానా?" అనేది వదిన.

స్నానం చేయించేది, తినిపించేది, జడ వేసేది. నలభై ఏళ్ళు దాటిన మనిషి నోరు తెరిచి ముద్ద కోసం చూడడం ఎలా ఉంటుందో రాయలేను. ఆవిడ ముద్దలు పెద్దవి. చిన్నవి చెయ్యమని చెప్పడానికి నాకు వారం పట్టింది.

ఒకరోజు కుర్చీలో కూర్చోబెట్టి కిటికీ దగ్గరికి తోసింది. నా బల్ల అద్దంలా మెరుస్తోంది. పుట్టీ లేదు, ముక్కల చట్రాలు లేవు, మూతలో పెట్టిన బెల్టు లేదు. విమానమూ, చక్రాలూ గాజుమూతా గుర్తులూ ఉన్న పెట్టే మాత్రం అలమార మీద ఉన్నాయి.

"వదినా, ఇక్కడ సామానేదండీ?"

"ఏ సామాను? ఆ ప్లాస్టిక్ పుల్లలా? దుమ్ము పట్టిపోయేయి. తీసి పారేసేను."

విమానం ముక్కు మీద ఉండే పొడుగాటి సన్నటి గొట్టం ఆ చట్రాల్లోనే ఉంది. గాలి వేగం కొలిచే గొట్టం అది. మిగ్‌కి అది లేకపోతే మొహం లేనట్టే. నేను అరిచాను. వచ్చీరాని గొంతుతో ఏమేమి అన్నానో సగం గుర్తులేదు. అడగకుండా ఎందుకు ముట్టుకున్నారని అన్నానని మాత్రం గుర్తుంది.

వదిన తడిగుడ్డ చేతిలోనే పట్టుకుని విన్నది. తర్వాత మెల్లిగా అంది.

"నీ ఒళ్ళు తుడిచిన చేత్తోనే ఆ బల్లా తుడిచేను సుభద్రా. దానికి వేరే చెయ్యి తేవాలని నాకు తెలియలేదు."

ఆ పూట కూడా అన్నం వేళకి పెట్టింది. ముద్దలు చిన్నవిగానే ఉన్నాయి.

జనవరి, ఫిబ్రవరి

కూతురి పరీక్షలు దగ్గర పడ్డాయని వదిన వెళ్ళింది. వెళ్ళాల్సిందే. పొద్దున్నా సాయంత్రం పనిచేసి పెట్టే ఒకావిణ్ణి కుదిర్చింది. మొదట్లో కాలేజీవాళ్ళు గుంపులుగా వచ్చారు, తర్వాత ఒక్కొక్కరు, తర్వాత ఫోన్లు, తర్వాత ఫోను తెరమీద దండం బొమ్మలు. ఎవరినీ తప్పుపట్టను. చచ్చిపోతుందేమో అన్నప్పుడు అందరూ వస్తారు. మెల్లిగా బాగుపడుతున్న మనిషి దగ్గర చూడడానికి ఏమీ ఉండదు. కాళ్ళు కాస్త వచ్చాక, వాకర్ మీద మోచేతులు ఆనించి గదిలో అటూ ఇటూ నడిచేదాన్ని. కింద వాటాలో మనుషులుంటే నా అడుగుల చప్పుడుకి విసుక్కునేవారు కదా అనుకునేదాన్ని. అలా విసుక్కునేవాళ్ళు కూడా లేరు.

వేళ్ళు ఫిబ్రవరిలో వచ్చాయి. ముందు బొటనవేలు, దాని వెనక చూపుడువేలు. కిరణ్ గారు పళ్ళెంలో బియ్యం పోసి, అందులో శనగలు కలిపి ఏరమనేవారు. ఆయన వెళ్ళాక నేను విమానం దింపమని పనావిడని అడిగాను. అతుకు మీద గట్టిపడిన పుట్టీని గరుకు కాగితంతో గీకడం మొదలుపెట్టాను. మిగ్‌కి పూసేది వెండి రంగు. ఎక్కడ చిన్న గీత ఉన్నా ఆ రంగు దాన్ని పట్టిస్తుంది. కాబట్టి తడిపి, రుద్ది, వేలితో తడిమి, మళ్ళీ రుద్దాలి. వేలి కొసలకి గరుకూ నునుపూ తేడా తెలిసిన రోజు ఎంత సంతోషమేసిందంటే, పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఆపలేదు.

మర్నాడు లేచేసరికి చెయ్యి వేలాడిపోయింది.

వేళ్ళు మళ్ళీ లేవు. కాళ్ళలో చీమలు మొదలయ్యాయేమోనని దుప్పటి తీసి చూసుకున్నాను, చీమలు కంటికి కనబడతాయన్నట్టు. మళ్ళీ ఆ మంచం, ఆ వెలుగు, ఆ ముక్కు దురద. పనావిడ వచ్చేదాకా అలాగే కూర్చున్నాను. ఆవిడే అన్నయ్యకి ఫోను చేసింది.

కాకినాడలో నరాల డాక్టరు గారి గది బయట కూర్చోబెట్టి అన్నయ్య కారు పెట్టడానికి వెళ్ళాడు. నా పక్కన చక్రాల కుర్చీలో ఒకాయన ఉన్నారు. ఎండకి నల్లబడిన మొహం, వెడల్పాటి భుజాలు. చేతులు మాత్రం ఒళ్ళో ఎవరో పెట్టి మర్చిపోయిన సామానులా ఉన్నాయి. ఆ చేతులు చూడగానే నాకు తెలిసిపోయింది. ఆయనకీ తెలిసినట్టుంది.

"మీకు ముందేవొచ్చేయండీ? కాళ్ళా, చేతులా?" అని అడిగారు.

"కాళ్ళండీ. చేతులు నిన్నటిదాకా ఉన్నాయి. ఇవాళ మళ్ళీ పోయేయి."

"పని చేసేరా?"

"ఆయ్. రోజంతా."

"అదేనండి. నాకూ అయ్యింది. కాళ్ళొచ్చేయని ఇసకలో రేవుదాకా నడిచేను. రెండ్రోజులు లేవలేదు. పోలేదండీ అవి, అలిసేయంతే." ఆయన గది తలుపు వైపు చూసి, "డాక్టరు గారు అదే చెప్తారు చూడండి. ఈలోపు భయపడకండి" అన్నారు.

ఆయన వెంకన్న గారు. అంతర్వేదిలో చేపల వేట. పక్కనున్నది ఆయన భార్య సత్యవతి. వలలు బాగుచెయ్యడంలో తన చెయ్యి ఎంత వేగమో సత్యవతి గారే చెప్పారు. ఆయన నవ్వారు. మీరేం పని చేశారని నన్ను అడిగితే విమానం సంగతి చెప్పాను. పిల్లలకా అని అడగలేదు ఆయన. "యుద్ధం విమానమా అండీ? నీళ్ళలో పడితే తేలుద్దా?" అన్నారు. బహుశా తేలదని చెప్పాను. జబ్బు మొదలయ్యాక నేను గట్టిగా నవ్వింది అదే మొదటిసారి.

డాక్టరు గారు ఆయన చెప్పిందే చెప్పారు. నరం తిరగబెట్టలేదు, అలిసింది. అలిసేముందే ఆపాలి. వెళ్ళేటప్పుడు వెంకన్న గారి నంబరు తీసుకున్నాను. ఆయన నోటితో చెబితే సత్యవతి గారు నా ఫోనులో నొక్కారు.

మే

కూతురి పరీక్షలయ్యాక వదిన వచ్చింది, చెప్పకుండా. సంచిలో తాటిముంజలు. అప్పటికి విమానానికి వెండిరంగు వేశాను. రోజుకి ఒక్క పలక, అలసట రాకముందే ఆపుతూ. చెయ్యి వణికిన చోట కుంచె గీతలు కనబడుతున్నాయి. పోయిన గొట్టానికి బదులు మందుల షాపులో ఇంజక్షను సూది తెప్పించి, మొన కోయించి పెట్టాను. అసలు ముక్క కన్నా అదే బాగుంది. వదినకి ఆ మాట చెప్పాను.

"నే పారేసిందేనా?" అంది.

"ఆయ్. మంచిదయ్యిందండీ."

మిగిలింది గుర్తులు అతికించడం. కాషాయం, తెలుపు, ఆకుపచ్చ చక్రాలు, తోకమీద అంకెలు. ఇవి పల్చటి పొర మీద అచ్చయి ఉంటాయి. నీళ్ళలో నానబెడితే కాగితం మీంచి జారతాయి. అప్పుడు చిరగకుండా, మడత పడకుండా రెక్క మీదికి జార్చాలి. నా వణికే చేతిలో మొదటిది చుట్టుకుపోయి ముద్దయింది. రెండోదీ అలాగే అయితే ఇంకొకటి లేదు.

వదిన చూస్తూ నిలబడింది. ఆవిడ పుట్టిల్లు కొత్తపేట వైపు. పెళ్ళయ్యేదాకా ఇంట్లో పూతరేకులు చేసిన మనిషి.

"తడి ఎక్కువైంది" అంది. కుర్చీ లాక్కుని కూర్చుంది. చిటికెనవేలితో పొరని తాకి, రెక్క మీదికి జరిపి, ఊదీ ఊదకుండా ఊది, గుడ్డ కొసతో అద్దింది. చక్రం ఎక్కడుండాలో నేను చూపించాను, ఆవిడ పెట్టింది. "మా రేకు ఇంతకన్నా పల్చన" అంది మధ్యలో. మధ్యాహ్నమంతా అలా గడిచింది.

సాయంత్రం నగరం బస్సుకి వెళ్ళిపోయింది. పూర్తయిన విమానం బల్ల మీద ఉంది. దగ్గరగా చూస్తే నేను కట్టినవాటన్నిటిలోకీ అదే అధ్వానం. కొన్ని రోజులకి, పనావిడ రాని మధ్యాహ్నం, నా చేత్తో నేనే అన్నం కలుపుకుని తిన్నాను. బీరకాయ కూర. ముద్ద నోటిదాకా ఒలకకుండా వచ్చింది. తిన్నాక ఎంగిలిచేత్తో కాసేపు అలాగే కూర్చున్నాను. ఎవరితోనైనా చెప్పాలనిపించింది. అన్నయ్య ఎత్తలేదు. వదిన తోటలో ఉన్నట్టుంది. వెంకన్న గారికి చేశాను.

"నా చేత్తో తిన్నానండీ ఇవాళ."

"ఏం కూరండీ?" అన్నారు.

"బీరకాయ."

"బీరకాయెవరైనా తింటారండీ. ముల్లు తీసుకుని చేప తినాలి, అప్పుడు చేతులొచ్చినట్టు. వేసవి నిషేధం అయ్యి వేట మొదలయ్యేక రండి. ఆ విమానం కూడా పట్రండి."

జూలై

జూన్‌లో కాలేజీకి వెళ్ళడం మొదలుపెట్టాను, చేతికర్రతో. బోర్డు మీద నా రాత నాది కాదు, ఎవరో కొత్త లెక్చరర్‌ది. పిల్లలు అలవాటు పడ్డారు. జూలైలో ఒక ఆదివారం విమానాన్ని అట్టపెట్టెలో దూది మధ్య పెట్టుకుని అంతర్వేది బస్సెక్కాను.

వెంకన్న గారు గుమ్మం దగ్గర చంకలో కర్ర పెట్టుకుని నిలబడి ఉన్నారు. కాళ్ళు బాగా వచ్చాయి. వేళ్ళు మాత్రం అంతే. ఆయన అరచేతులు రెండూ పక్కపక్కన చాపమని, విమానాన్ని వాటి మీద పెట్టాను. ఆయన కదలకుండా, ఊపిరి కూడా మెల్లిగా తీస్తూ చూశారు. "బరువే లేదండీ" అన్నారు. "ఇంత పనీ ఆ చేతుల్తోనే చేసేరా?"

"సగం మా వదిన చేసిందండీ."

సత్యవతి గారు విలస చేప పులుసు పెట్టారు. గోదారిలోకి ఎదురీదితే పులస అంటారు, సముద్రంలో దొరికితే విలస. రుచికి ఎంత పేరో ముళ్ళకీ అంత పేరు. ఇద్దరికీ వడ్డించి, ఆయన పక్కన కూర్చోబోతుండగా ఎవరో పడవ వచ్చిందని కేక వేశారు. "ఇప్పుడే వచ్చేస్తానండీ, మీరు కానివ్వండి" అని ఆవిడ వెళ్ళారు.

ఆయన పళ్ళెం ముందు ఊరికే కూర్చున్నారు. నన్ను తినమని సైగ చేశారు. నేను రెండు ముద్దలు తిన్నాను. మూడోది మళ్ళీ పళ్ళెంలో పెట్టేశాను.

"నేను తియ్యనాండీ ముళ్ళు?" అన్నాను.

"వద్దండీ, మీరు చదువు చెప్పేవారు. మా ఆవిడ వచ్చేస్తుంది కదా."

"చల్లారిపోతుందండీ."

ఆయన పళ్ళెం నా వైపు జరుపుకున్నాను. వెంట్రుకల్లాంటి ముళ్ళు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి ఒక్కొక్కటే తీసి పళ్ళెం అంచున పెట్టాను. మెల్లిగా, అలిసేముందు ఆగి, మళ్ళీ తీశాను. తర్వాత అన్నం కలిపి ముద్ద చేసి ఆయన నోటికి అందించాను. ఆయన నమిలారు, గోడకేసి చూస్తూ. కళ్ళనిండా నీళ్ళు. నేను తుడవలేదు. ఇంకో ముద్ద కలుపుతూ, "ముద్ద పెద్దదయ్యిందాండీ?" అని అడిగాను.

"ఆయ్. కొంచెం" అన్నారు.

చిన్నది చేశాను.

సత్యవతి గారు వచ్చి గుమ్మంలో నిలబడిపోయారు, చేతిలో చేపలబుట్టతో. వెనక్కి వెళ్ళి కాళ్ళు కడుక్కుని, చాలాసేపు కడుక్కుని వచ్చారు. విమానం వాళ్ళింట్లోనే వదిలేశాను, ఆయన చూసుకుంటానంటే.

సాయంత్రం బస్సులో కూర్చోవడానికి చోటు దొరికింది. రాజోలులో దిగి, కర్ర ఊతంతో మెట్లెక్కాను. కింద వాటా చీకటిగా ఉంది. నా తలుపు దగ్గర నిలబడి తాళంచెవి పెట్టాను. ఒక్కసారికే తిరిగింది.